చుక్క మెరుపూ, చుక్క దూరమూ

పోయిన నెల ఈ శీర్షికలో చలికాలపు ఆకాశంలో తేలిగ్గా గుర్తుపట్టగల చుక్కల గురించి రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వెలుగు, దూరం చుట్టూనే తిరిగాయి. అందుకే మిగతా ప్రశ్నలన్నీ ఈసారికి పక్కన పెట్టాను. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో నీడ సంగతి అడిగినవాళ్లు కాస్త ఓపిక పట్టాలి. అది గుడిలో స్తంభాల మధ్య నిలబడి చెప్పాల్సిన విషయం.

ప్రశ్న: సార్, దీపం నుంచి దూరం రెట్టింపైతే వెలుతురు సగం కావాలి కదా? మా పుస్తకంలో నాలుగో వంతు అని ఉంది. సూత్రం బట్టీ పట్టి పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. ఎందుకో మాత్రం అర్థం కాలేదు.
— ఇంటర్ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: మార్కులు వచ్చాక కూడా అడిగావు చూడు బిడ్డా, అందుకే నీ ఉత్తరం ముందు పెట్టాను.

మీ వైపు పత్తి చేలల్లో మందు కొట్టడం చూసే ఉంటావు. నాజిల్ ఆకుకు జానెడు దూరంలో ఉంటే మందంతా చిన్న గుండ్రంలో పడుతుంది, ఆకు తడిసి ముద్దవుతుంది. దాన్నే రెండు జానల దూరానికి జరిపితే ఆ గుండ్రం అడ్డంగానూ రెట్టింపవుతుంది, నిలువుగానూ రెట్టింపవుతుంది. అంటే నాలుగింతల చోటు. ట్యాంకులోంచి వచ్చే మందు మాత్రం అంతే కాబట్టి ఒక్కో ఆకుకు దక్కేది నాలుగో వంతు. మూడు జానలైతే తొమ్మిదో వంతు. వెలుతురూ అంతే. దూరం ఒక దిక్కునే పెరిగినా అది పరుచుకునే చోటు రెండు దిక్కులా పెరుగుతుంది. వర్గం వచ్చేది అక్కడి నుంచే. ఈ మాట 1604లోనే కెప్లర్ రాసిపెట్టాడు.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే కొలిచి చూడు. ఫోన్ ముందు కెమెరా పక్కన వెలుతురును కొలిచే చిన్న సెన్సర్ ఉంటుంది. లక్స్ లెక్క చూపించే యాప్ వేసుకుని, రాత్రిపూట ఒక్క బల్బు వెలిగించి మీటరు దూరంలో ఒకసారి, రెండు మీటర్ల దూరంలో ఒకసారి కొలువు. సున్నం వేసిన గదిలో చేస్తే లెక్క తప్పుతుంది. గోడలకు తగిలి తిరిగొచ్చిన వెలుతురు కూడా కలిసి నాలుగో వంతు కంటే ఎక్కువే చూపిస్తుంది. డాబా మీద, అమావాస్య రోజుల్లో చేస్తే మేలు. టార్చిలైటు వద్దు. దాని వెనకున్న అద్దం వెలుతురునంతా ఒకే దిక్కుకు నెడుతుంది కాబట్టి దగ్గరి దూరాల్లో ఈ సూత్రానికి లొంగదు.

ఇప్పుడు డాబా వదిలి పైకి పోదాం. భూమి దగ్గర, వాతావరణం పైన, సూర్యకాంతి చదరపు మీటరుకు సుమారు 1361 వాట్లు. అంగారకుడు మనకంటే ఒకటిన్నర రెట్ల దూరంలో ఉన్నాడు, అక్కడ 590. గురుడు ఐదు రెట్ల పైచిలుకు దూరం, అక్కడ 50. ఈ పడిపోవడం ఎంత ఘోరమో జూనో అంతరిక్ష నౌకను తయారుచేసినవాళ్లను అడగాలి. 2011లో బయల్దేరి 2016లో గురుడిని చేరింది. ఒక్కొక్కటి 9 మీటర్ల పొడవున్న మూడు సోలార్ రెక్కలు కట్టి పంపారు. భూమి దగ్గరైతే అవి 14 కిలోవాట్ల దాకా ఇవ్వగలవు. గురుడి దగ్గర వచ్చింది 500 వాట్లకు అటూ ఇటూ. పధ్నాలుగు వేలను 27తో భాగించి చూడు, నీ పుస్తకంలో సూత్రమే కనిపిస్తుంది.

ప్రశ్న: మన్ననూరులో చుట్టాల పెళ్లికి పోయినప్పుడు రాత్రి కరెంటు పోయింది. అచ్చంపేటలో ఎప్పుడూ చూడనన్ని చుక్కలు కనిపించాయి. మీరు రాసిన సిరియస్ అన్నిటికన్నా బాగా మెరుస్తోంది. అంటే అదే మనకు దగ్గరదా? మెరుపును బట్టి దూరం చెప్పొచ్చా?
— ఎలక్ట్రీషియన్, అచ్చంపేట

జవాబు: ఎలక్ట్రీషియన్‌గా ఉండి కరెంటు పోయినందుకు సంతోషించిన మనిషిని మొదటిసారి చూస్తున్నాను.

సిరియస్ దగ్గరదే. 8.6 కాంతి సంవత్సరాలు. కంటికి కనిపించే చుక్కల్లో ఇంత దగ్గరివి చాలా తక్కువ. కానీ మెరుస్తోంది కాబట్టి దగ్గరదనే లెక్క మాత్రం చెల్లదు. అదే రాత్రి, అదే దిక్కున, మూడు చుక్కల వరుసకు ఒక పక్క ఎర్రగా ఆర్ద్ర, రెండో పక్క నీలిరంగు కలిసిన తెలుపులో రైగెల్ కనిపించి ఉంటాయి. రైగెల్ మెరుపు సిరియస్ మెరుపులో దాదాపు నాలుగో వంతు. మీ లెక్క ప్రకారం అది రెండింతల దూరంలో, అంటే 17 కాంతి సంవత్సరాల దగ్గర ఉండాలి. ఉన్నది దాదాపు 860 కాంతి సంవత్సరాల అవతల. సిరియస్‌కు వంద రెట్లు. అంత దూరం నుంచి కూడా ఈ మాత్రం మెరుస్తోందంటే దాని అసలు వెలుగు ఎంతుండాలి? దాన్ని తెచ్చి సిరియస్ ఉన్నచోట పెడితే వంద వర్గం, అంటే ఇప్పటికంటే పదివేల రెట్లు ఎక్కువ మెరుస్తుంది. అర్ధచంద్రుడి వెలుగంతా ఒక్క చుక్కలోంచి వస్తుంది, రాత్రి మీ నీడ నేల మీద పడుతుంది.

ఇప్పుడు మన సూర్యుణ్ణి తీసుకెళ్లి అదే చోట పెట్టండి. సరిగ్గా మన ధ్రువ నక్షత్రమంత కనిపిస్తాడు, అంతకుమించి ఏమీ ఉండదు. మరి ధ్రువ నక్షత్రం ఉన్నది దాదాపు 430 కాంతి సంవత్సరాల దూరంలో. 8.6కు యాభై రెట్లు. యాభై వర్గం 2500. అంటే ధ్రువుడి వెలుగు ఇంచుమించు రెండున్నర వేల సూర్యుళ్ల పెట్టు. ఇందులో కష్టమైన గణితం ఏమీ లేదు, ఎక్కాలు వస్తే చాలు. దూరం ముందే తెలిసి ఉండాలి, అంతే.

కష్టమంతా ఆ అంతే దగ్గరే. కంటికి చేరేది అసలు వెలుగు, దూరం రెండూ కలిసిపోయిన ఒక్క అంకె. దాన్ని విడదీయడానికే ఖగోళ శాస్త్రవేత్తలు వందల ఏళ్లు తంటాలు పడ్డారు. 17వ శతాబ్దంలో హైగెన్స్ చేసిన ప్రయత్నం నాకు చాలా ఇష్టం. గొట్టానికి ఒక మూత పెట్టి, దానికి సన్నని బెజ్జం చేసి, చిన్న గాజుపూస అడ్డంపెట్టి సూర్యుణ్ణి చూస్తూ, సిరియస్ అంత కనిపించేదాకా వెలుగు తగ్గించుకుంటూ పోయాడు. ఎంత తగ్గించాడో దాన్నిబట్టి సిరియస్ మనకు సూర్యుడికంటే 27,664 రెట్ల దూరంలో ఉందని తేల్చాడు. అసలు లెక్క 5 లక్షల 40 వేల పైన, అంటే దాదాపు ఇరవై రెట్లు తక్కువ చెప్పాడు. సిరియస్, సూర్యుడు సమానంగా వెలుగుతాయని అనుకోవడం ఒక కారణం. సిరియస్ వెలుగు 25 రెట్లు ఎక్కువ కాబట్టి దూరంలో ఐదు రెట్ల తేడా అక్కడే వచ్చింది. మిగతా నాలుగు రెట్లు, రాత్రి చూసిన చుక్కను పగలు గుర్తుపెట్టుకుని పోల్చడంలో పోయాయి. అయినా ఒక బెజ్జంతో, గాజుపూసతో నక్షత్రాలు ఎంత దూరమో మనిషికి ఒళ్లు జలదరించేలా చెప్పాడు.

వెలుగుతో పనిలేకుండా దూరం కొలిచే దారి తర్వాత దొరికింది. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే దగ్గరి చుక్కలు దూరపు చుక్కల మీద కొద్దిగా జరిగినట్టు కనిపిస్తాయి. 1838లో బెసెల్ ఆ జరగడాన్ని మొదటిసారి నమ్మకంగా కొలిచాడు. మన కాలంలో గయా ఉపగ్రహం వంద కోట్లకు పైగా చుక్కలకు ఆ పని చేసింది. కానీ చాలా దూరం పోయాక ఆ జరగడం కూడా కొలతకు అందదు. అప్పుడు మళ్లీ వెలుగు దగ్గరికే రావాలి.

పెళ్లికి వెళ్లారు కాబట్టి అరుంధతిని చూపించే ఉంటారు, కనీసం పంతులుగారు చెయ్యెత్తి ఆకాశంలో ఏదో ఒక దిక్కు చూపించి ఉంటారు. సప్తర్షుల్లో వసిష్ఠుడు, పక్కనే అరుంధతి. ఈ రెండూ మనకు ఇంచుమించు ఒకే దూరంలో, 80 కాంతి సంవత్సరాల పైచిలుకులో ఉన్నాయి. వసిష్ఠుడు ఆరు రెట్లు ఎక్కువ మెరుస్తాడు. దూరం ఒకటే కాబట్టి ఆ ఆరు రెట్లు నిజమైన ఆరు రెట్లు. రెండూ ఒకే దూరంలో ఉంటే దూరం గొడవ దానంతట అదే తప్పుకుంటుంది.

హెన్రియెటా లెవిట్ పట్టుకున్నది సరిగ్గా ఈ కిటుకునే. హార్వర్డ్ అబ్జర్వేటరీలో ఫొటో పలకల మీద చుక్కలు కొలిచే ఉద్యోగం ఆమెది. మనకు దూరంగా చిన్న మాజిలాన్ మేఘం అనే నక్షత్రాల గుంపు ఉంది. దాంట్లో కొన్ని చుక్కలు కొన్ని రోజుల లెక్కన పెరుగుతూ తగ్గుతూ మెరుస్తాయి. అన్నీ ఒకే గుంపులోవి కాబట్టి అన్నీ ఇంచుమించు ఒకే దూరంలో ఉన్నట్టే. 25 చుక్కల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, నిదానంగా మెరుపు మార్చుకునేవి ఎక్కువ వెలుగువి, తొందరగా మార్చుకునేవి తక్కువ వెలుగువి అని తేలింది. 1912లో ఇది అచ్చయింది. ఇక ఆ జాతి చుక్క ఎక్కడ కనిపించినా చాలు. ఎన్ని రోజులకొకసారి మెరుపు పెరుగుతోందో లెక్కపెడితే అసలు వెలుగు తెలుస్తుంది, దాన్ని కంటికి అందే వెలుగుతో పోల్చి వర్గమూలం తీస్తే దూరం వచ్చేస్తుంది. 1923లో హబుల్ ఆండ్రోమెడా గెలాక్సీలో అలాంటి చుక్క ఒకటి పట్టుకునేసరికి, అది మన పాలపుంత బయట ఉందని తేలిపోయింది. ఇప్పటి లెక్కలో 25 లక్షల కాంతి సంవత్సరాలు. మన ధ్రువ నక్షత్రం కూడా ఆ జాతిదే. నాలుగు రోజులకొకసారి మెరుపు మారుతుంది గానీ ఆ తేడా మన కంటికి ఆనదు.

మనవైపు మనిషి పేరు కూడా ఇక్కడ చెప్పాలి. వేణు బాప్పు హైదరాబాద్‌లో పెరిగాడు, తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవాడు. 1957లో ఓలిన్ విల్సన్, బాప్పు కలిసి ఇంకో దారి చూపించారు. కొన్ని రకాల నక్షత్రాల కాంతిని రంగులుగా విడదీస్తే కాల్షియం వల్ల వచ్చే ఒక గీత మధ్యలో సన్నని మెరుపు కనిపిస్తుంది. ఆ మెరుపు గీత ఎంత వెడల్పుంటే ఆ నక్షత్రం అసలు వెలుగు అంత ఎక్కువ. ఖగోళ శాస్త్రంలో దీనికి విల్సన్–బాప్పు ప్రభావం అనే పేరు నిలిచిపోయింది. నల్గొండలో వేణు బాప్పు ఎవరని అడిగితే చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారో నాకు అనుమానమే, అది వేరే బాధ.

ఒక జాగ్రత్త. వెలుగు తగ్గిందంటే ప్రతిసారీ దూరమే కారణం కాదు. 2020 ఫిబ్రవరిలో ఆర్ద్ర మెరుపు మామూలులో సగంకంటే తక్కువకు పడిపోయింది, పేలిపోతుందేమోనని టీవీలవాళ్లు టెన్షన్ పెట్టారు. అది మనకు దూరం జరగలేదు, పేలనూ లేదు. తనలోంచి వదిలిన ధూళి తనకే అడ్డం వచ్చింది. కొన్ని నెలల్లో మళ్లీ మామూలైంది.

ప్రశ్న: ప్లూటో మీద నిలబడితే మిట్టమధ్యాహ్నం కూడా చీకటేనా?
— విశ్రాంత ఉద్యోగి, వనపర్తి

జవాబు: కాదండీ. ప్లూటో సగటున మనకంటే 40 రెట్ల దూరంలో ఉంది. వెలుతురు దాదాపు 1600వ వంతుకు తగ్గుతుంది. చెప్పుకోవడానికి ఘోరంగా ఉంది గానీ, మన ఎండ లక్ష లక్స్ అనుకుంటే అక్కడ 60 పైచిలుకు మిగులుతుంది. పౌర్ణమి వెన్నెలకు 250 రెట్లు. కూర్చుని పత్రిక చదువుకోవచ్చు, చలికి తట్టుకోగలిగితే.

ఇక్కడి నుంచి ప్లూటోను చూడటం మాత్రం వేరే కథ. దానికి సొంత వెలుగు లేదు. సూర్యుడి వెలుగు అక్కడికి పోయేటప్పుడు ఒకసారి వర్గం లెక్కన తగ్గుతుంది, అక్కడ తగిలి మన దగ్గరికి వచ్చేటప్పుడు ఇంకోసారి. అలాంటి రాయి ఒకటి రెట్టింపు దూరంలో ఉంటే నాలుగో వంతు కాదు, పదహారో వంతే కనిపిస్తుంది. సౌర కుటుంబం అంచున ఉన్నవాటిని వెతకడం అందుకే అంత కష్టం.

ప్రశ్న: మీ సూత్రం నాకు ఒప్పుదల కాలేదు. మా రైస్ మిల్లు తెల్లగోడ పది అడుగుల నుంచి చూసినా, వంద అడుగుల నుంచి చూసినా అంతే తెల్లగా ఉంటుంది. మీ లెక్కన వందోవంతు కావాలి కదా?
— గృహిణి, మిర్యాలగూడ

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో అసలైన ప్రశ్న ఇది.

గోడ నుంచి మీ కంటికి చేరే వెలుతురు నిజంగానే వందోవంతైంది. కానీ మీ కంట్లో పడే గోడ బొమ్మ కూడా చిన్నదైంది, దాని వైశాల్యమూ వందోవంతే. తక్కువ వెలుతురు, అంతే తక్కువ చోటులో పడింది. చోటుకింత అని చూస్తే ఏమీ మారలేదు, అందుకే తెలుపు తగ్గినట్టు అనిపించదు. చుక్కల విషయంలో ఇది కుదరదు. అవి ఎంత దగ్గరున్నా మన కంటికి ఒక బిందువే. బిందువు ఇంకా చిన్నది కాలేదు, కాబట్టి తగ్గితే మెరుపే తగ్గాలి.

ఇందులోంచి ఒక చేదు నిజం వస్తుంది. ఆండ్రోమెడా గెలాక్సీ చీకటి ఊళ్లలో మామూలు కంటికే చిన్న మసకమరకలా కనిపిస్తుంది. పెద్ద టెలిస్కోపులో చూస్తే ఫొటోల్లో లాగా ధగధగలాడుతుందని జనం ఆశపడతారు. మరక పెద్దదవుతుంది గానీ చోటుకింత మెరుపు పెరగదు. ఎంత పెద్ద అద్దమైనా పెంచలేదు. ఫొటోలో అంత అందంగా ఉండటానికి కారణం కెమెరా గంటల తరబడి వెలుగు పోగుచేసుకోవడం.

మీ ప్రశ్నను ఇంకొంచెం సాగదీస్తే రాత్రి ఎందుకు చీకటిగా ఉందన్న ప్రశ్న దగ్గరికి పోతాం. విశ్వానికి అంతు లేదు, నక్షత్రాలు ఎప్పటినుంచో వెలుగుతున్నాయి అనుకోండి. రెట్టింపు దూరంలోని చుక్కలు ఒక్కొక్కటి నాలుగో వంతే మెరుస్తాయి, కానీ అంత దూరంలో నాలుగింతల చోటు ఉంది కాబట్టి చుక్కలూ నాలుగింతలు ఉంటాయి. కొట్టివేత సరిపోయింది. ప్రతి దూరం నుంచీ సమానంగా వెలుగు రావాలి. ఏ దిక్కు చూసినా చూపు చివరికి ఏదో ఒక నక్షత్రం ఒంటి మీద ఆగాలి, గోడ తెలుపు లాగే ఆ ఒంటి మెరుపూ దూరంతో తగ్గదు. ఆకాశమంతా సూర్యబింబంలా మండిపోవాలి. 1823లో ఓల్బర్స్ ఈ చిక్కును గట్టిగా లేవనెత్తాడు, ఆయన పేరుతోనే చెప్పుకుంటాం. ధూళి అడ్డం వస్తోందని ఆయన అనుకున్నాడు. అది నిలవదు, అంత వెలుగులో ధూళి కూడా కాగి మెరుస్తుంది. ఇప్పుడు ఒప్పుకునే జవాబు: విశ్వానికి వయసుంది, దాదాపు 1380 కోట్ల ఏళ్లు. అంతకంటే దూరపు వెలుగు బయల్దేరినా ఇంకా మనల్ని చేరలేదు. వచ్చిన వెలుగు కూడా విశ్వం విస్తరించడం వల్ల సాగిపోయి బలహీనపడుతోంది.

ప్రశ్న: మా అబ్బాయి టెలిస్కోపు కావాలంటున్నాడు. ఆన్‌లైన్‌లో రెండు వేల రూపాయలకు ‘వంద రెట్లు పెద్దగా చూపిస్తుంది’ అని ఉంది. కొనమంటారా?
— రైతు, కొల్లాపూర్

జవాబు: కొనకండి. ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందన్నది కాదు, ఎంత వెలుగు పట్టుకుంటుందన్నది చూడాలి. చీకటికి అలవాటుపడిన కుర్రాడి కంటిపాప 7 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది, నాలాంటివాళ్లకు 5 దాటితే గొప్ప. 10x50 అని రాసి ఉన్న బైనాక్యులర్‌లో 50 అంటే ముందు అద్దం 50 మిల్లీమీటర్లని అర్థం. అది 7కు ఏడు రెట్లు, వైశాల్యంలో దాదాపు 50 రెట్లు. కంటికి కష్టం మీద ఆనే ఒక చుక్కను ఏడు రెట్ల దూరానికి తీసుకెళ్లినా దాంట్లో కనిపిస్తుంది. రంగారెడ్డి జిల్లా జాపాల–రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టిన టెలిస్కోపు అద్దం 48 అంగుళాలు. ఇదే లెక్క వేస్తే 170 రెట్ల పైన. దాంతో పోలిస్తే మన బైనాక్యులర్ చిన్నదే గానీ, మొదలుపెట్టడానికి అంతకంటే మంచి వస్తువు లేదు. ఆ రెండు వేల టెలిస్కోపుతో ఇచ్చే స్టాండు ఎలాగూ నిలబడదు.

రాత్రి సోమశిల దారిలో ఊరి లైట్లు దాటాక బండి ఆపి చూపించండి. పగలు మాత్రం అబ్బాయి చేతికి ఇవ్వకండి. సూర్యుడి వైపు తిప్పితే ఆ 50 రెట్లూ నేరుగా కంట్లో పడతాయి, చూపు పోతుంది.